కరెంటు లైన్ కొండెక్కే ముందు: పర్యావరణ సర్వేలు, పర్మిషన్లు ఏ వరుసలో చేసుకోవాలి

"లైన్‌కి ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్ అక్కర్లేదు కదండీ, మళ్లీ ఈ సర్వేలన్నీ ఎందుకు?" అని మొదటి మీటింగ్‌లోనే ఎవరో ఒకరు అడుగుతారు. ఆయన చెప్పింది సగం నిజమే. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ జాబితాలో కరెంటు ట్రాన్స్‌మిషన్ లైన్లు లేవు. కాబట్టి ఆ క్లియరెన్స్ (ఈసీ) లేదు, దాని కోసం పబ్లిక్ హియరింగ్ కూడా లేదు. మిగతా సగం ఏంటంటే అడవికి ఒక చట్టం, వన్యప్రాణులకి ఒకటి, తీరానికి ఒకటి, గిరిజనుల హక్కులకి ఒకటి, పాత కట్టడాలకి ఇంకొకటి. ఈసీ లేదు కాబట్టి వీటన్నిటినీ ఒకచోట కూర్చి చూసేవాళ్లు ఎవరూ ఉండరు, ఆ పని మీ నెత్తినే పడుతుంది. పెట్రోలియం పైప్‌లైన్ అయితే లెక్క వేరు, అది అభయారణ్యాలు, నేషనల్ పార్కుల గుండా వెళ్తే ఈసీ కూడా తీసుకోవాలి.

ఊరికే చెప్తే అర్థం కాదు కాబట్టి ఒక లైన్ ఊహించుకుందాం. అచ్యుతాపురం వైపు తీరం దగ్గర మొదలై, అనకాపల్లి పక్కగా, చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరు చేరే 220 కేవీ లైన్. తిన్నగా గీత గీస్తే ఒక 70 కిలోమీటర్లు. విశాఖలో ఆఫీసు పెట్టుకుని పనిచేసేవాళ్లకి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు, ఎందుకంటే తీరం, ఆవ (పెద్ద చిత్తడి చెరువు), హైవే, రైల్వే లైను, బౌద్ధ క్షేత్రం, జీడి తోటలు, రిజర్వ్ ఫారెస్టు, ఏజెన్సీ అన్నీ ఆ గీత మీదే తగుల్తాయి. ఇంకో సంగతి, 2022 ఏప్రిల్ 4కి ముందు ఇదంతా ఒకే విశాఖ జిల్లా, ఒకే కలెక్టర్. ఇప్పుడు కింద అనకాపల్లి, పైన అల్లూరి సీతారామరాజు జిల్లా. ఫైళ్లు రెండు, తిరుగుడు రెండింతలు, పాత గెజిట్లలోనూ గ్రామ పటాల్లోనూ మాత్రం ఇంకా విశాఖపట్నం అనే ఉంటుంది. అప్లికేషన్‌లో పాత పేరు, కొత్త పేరు రెండూ రాయండి, లేదంటే ఆ ఒక్క తేడాకే ఫైలు వెనక్కి వస్తుంది.

కుర్చీలో కూర్చుని చేసే పని

ఫీల్డుకి మనుషుల్ని పంపకముందే మూడు రూట్లు గీయండి. ఒకటి గీసి, దాని పక్కన ఉత్తుత్తి రూట్లు రెండు పెట్టి "ప్రత్యామ్నాయాలు పరిశీలించాం" అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అడవి ఫైలు చూసే అధికారి వాటిని ఒక్క చూపులో పట్టేస్తాడు, ఆ తర్వాత మీరు రాసిన మిగతాదేదీ నమ్మడు.

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, ఉపగ్రహ చిత్రం, రిజర్వ్ ఫారెస్టు సరిహద్దులు, తీర నియంత్రణ మండల పటం, గ్రామ పటాలు, ఎఫ్ఎంబీలు (సర్వే నంబర్లవారీ పొలం కొలతల పటాలు) ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. వేసేటప్పుడు జాగ్రత్త, పాత షీట్ల కొలత పద్ధతి వేరు, ఇప్పటి జీపీఎస్ పద్ధతి వేరు. మార్చకుండా వేస్తే అడవి హద్దు పక్కకి జరిగిపోతుంది. జీడి తోటలో ఉందనుకున్న టవర్ రిజర్వ్ ఫారెస్టులో తేలుతుంది.

అడవి అంటే రిజర్వ్ ఫారెస్టు ఒక్కటే కాదన్నది మరిచిపోవద్దు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, రికార్డులో అడవి అని రాసి ఉంటే యజమాని ఎవరైనా అది అడవే, రికార్డుతో పనిలేకుండా మామూలు అర్థంలో అడవి అయినా అడవే. 2023లో చట్టం సవరించాక ఇక ఈ గొడవ లేదని కొందరు సంబరపడ్డారు గానీ, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి పాత అర్థాన్నే పాటించమంది. అంటే రెవెన్యూ రికార్డులో కొండ పోరంబోకు అని ఉండి, మీద దట్టంగా చెట్లున్న ప్రతి సర్వే నంబరు గురించీ ముందే డీఎఫ్ఓ (డివిజనల్ అటవీ అధికారి) ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి.

మన గీత మీద ఈ దశలోనే తేల్చుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. తీరం దగ్గర సముద్రం నుంచి 500 మీటర్ల గీతతో సరిపోదు, పోటు నీరు గెడ్డ (వాగు)లోకి ఎంత దూరం వస్తుందో అంత దూరం ఆ గెడ్డ ఒడ్డుకీ తీర నిబంధనలు వర్తిస్తాయి. ఆ హద్దుని మీ సర్వేయరు గీస్తే చెల్లదు, చెన్నైలోని ఎన్‌సీఎస్‌సీఎం లాంటి అధీకృత సంస్థే గీయాలి. వాళ్ల వరుస పెద్దది కాబట్టి మొదటి నెలలోనే అడగండి. అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు ఏమీ కట్టకూడదు, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తీసుకుని కట్టాలి. ఆ 300 మీటర్లు తప్పించుకోవడానికి గీత కొంచెం వంచితే పోయేదానికి ఎన్ఓసీ కోసం కాళ్లరిగేలా తిరగడం ఎందుకు? గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు.

మీ లైన్ ఇటు కాకుండా భీమిలి వైపు వెళ్తుంటే జాబితా వేరు: కంబాలకొండ అభయారణ్యం, తొట్లకొండ, బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు. కంబాలకొండ లోపలికి ఒక్క టవర్ పడినా ఫైలు జాతీయ వన్యప్రాణి మండలి దాకా వెళ్లాలి. నన్నడిగితే ఆ దారి మానుకోండి.

నడక

ఇప్పుడు మూడు రూట్లలో మిగిలిన రెండిటినీ నడవాలి. వాహనంలో రోడ్డు మీద నుంచి చూసి రాసే వాకోవర్ రిపోర్టులు చాలా చూశాను, వాటిల్లో చెరువులన్నీ ఎండిపోయి, కొండలన్నీ బోసిగా ఉంటాయి. సర్వేయరు ఒక్కడే నడిస్తే కూడా చాలదు. అతని చూపంతా యాంగిల్ పాయింట్ల (లైన్ మలుపు తిరిగే చోట్ల) మీదే ఉంటుంది. చెట్లూ పురుగూ పుట్రా తెలిసిన మనిషి ఒకరు, ఆ ఊరి మనిషి ఒకరు కూడా ఉండాలి. ఊరి మనిషిని దారి చూపించడానికే అనుకోకండి. ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుంది, అలుగు బొరియలు ఎక్కడున్నాయి, ఊరి దేవత చెట్టు ఏది అన్నవి ఏ పటంలోనూ ఉండవు. దేవత చెట్టు మీదుగా తీగ వెళ్తుందని స్ట్రింగింగ్ (తీగ లాగే) రోజున తెలిసిందనుకోండి, ఆ రోజుతో ఆ ఊళ్లో పని బంద్.

అడవిలోకి అడుగుపెట్టేముందు డీఎఫ్ఓ అనుమతి లేఖ చేతిలో ఉండాలి, రేంజ్ ఆఫీసులోనూ స్థానిక పోలీస్ స్టేషన్లోనూ చెప్పాలి. డ్రోన్ ఎగరేద్దామనుకుంటే ముందు డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం తెరిచి చూడండి. విశాఖ చుట్టుపక్కల నేవీ ఉంది, దాని విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది. కాంట్రాక్టరు కుర్రాడు సరదాగా ఎగరేసినా స్టేషన్లో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

ఏ కాలంలో నడుస్తున్నారన్నది చాలా ముఖ్యం, ఎక్కువమంది షెడ్యూలు పాడయ్యేది ఇక్కడే. వర్క్ ఆర్డరు మార్చిలో వస్తే ఏప్రిల్‌లో సర్వే చేసి మేలో రిపోర్టు ఇచ్చేద్దాం అనుకుంటారు. ఏప్రిల్‌లో సగం చెట్లకి ఆకుండదు, పోడు మంటల మసి తప్ప నేల మీద ఏమీ కనపడదు, వలస పక్షులు అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి. మొక్కలకైతే వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, పక్షులకి డిసెంబరు నుంచి ఫిబ్రవరి, కప్పలకీ గెడ్డల వరద గుర్తులకీ వానాకాలమే, ఇసుక తీరం తగిలితే తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి నుంచి ఏప్రిల్ వరకు. చెట్ల లెక్కింపుకి మాత్రం ఎండాకాలం సుఖం, పొదలు పలచబడి కొలత టేపు చెట్టు దాకా వెళ్తుంది. ఈ కాలాల్ని ముందు రాసుకుని, వాటి చుట్టూ మిగతా షెడ్యూలు అల్లుకోండి. తుపాను కాలాన్ని కూడా గుర్తుపెట్టుకోండి, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. అక్టోబరులో ఫీల్డు పని పెట్టుకుంటే చేతిలో నాలుగు రోజులు ఎక్కువే ఉంచుకోవాలి.

కొండకర్ల ఆవ దగ్గర ఏం చూడాలి

అచ్యుతాపురం, అనకాపల్లి మధ్య కొండకర్ల ఆవ ఉంది. తాటి దోనెల మీద షికారు చేయడానికి అందరూ వెళ్తారు, పక్షుల కోసం కొందరే వెళ్తారు. లైన్ ఆవ మీదుగా పోకూడదన్నది ఎవరికైనా తెలుసు. దూరంగా పోతే చాలు అనుకోవడం దగ్గరే తేడా కొడుతుంది. బాతుల్లాంటి నీటి పక్షులు పగలంతా ఆవలో ఉండి, సందె వేళ చుట్టుపక్కల వరి పొలాలకీ చెరువులకీ మేతకి పోతాయి, మళ్లీ తెల్లవారుజామున తిరిగి వస్తాయి. ఆ రాకపోకల దారికి మీ లైన్ అడ్డం పడుతుందా లేదా అన్నది చూడాలి.

దీనికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. లైన్ పడబోయే చోట ఇద్దరు మనుషులు తెల్లవారకముందే వెళ్లి నిలబడాలి. ఒకరు బైనాక్యులర్స్‌తో చూసి చెప్తుంటే రెండోవాళ్లు రాయాలి: ఏ గుంపు, ఎన్ని, ఎటు నుంచి ఎటు, తాటిచెట్టు కన్నా ఎత్తులోనా కిందా. తాటిచెట్టుని కొలతగా ఎందుకు పెట్టుకోమంటున్నానంటే, ఆకాశంలో మీటర్లు అంచనా కట్టమంటే ఎవరి లెక్క వాళ్లది. సాయంత్రం మళ్లీ ఇదే పని, అలా వరసగా కొన్ని రోజులు. అందులో కనీసం ఒక్కరోజన్నా మంచు ఉన్న పొద్దు ఉండాలి, పక్షులు తీగల్ని గుద్దుకునేది ఎక్కువగా అలాంటప్పుడే.

గుద్దుకునేది కూడా కరెంటు తీగల్ని కాదు చాలాసార్లు. లావుగా ఉండే కండక్టర్లు కాస్త దూరం నుంచే కనపడతాయి, పక్షి పైకి లేచి తప్పించుకుంటుంది, లేచినప్పుడు అన్నిటికన్నా పైన సన్నగా ఉండే ఎర్త్ వైరు తగుల్తుంది. అందుకే పక్షుల్ని మళ్లించే బిళ్లలు, స్ప్రింగులు పెట్టేటప్పుడు ఎర్త్ వైరుకి పెట్టాలి. మీ రిపోర్టులో "తగిన చర్యలు తీసుకోబడును" అని రాయకుండా, ఏ టవర్ నుంచి ఏ టవర్ దాకా, ఎంత దూరానికి ఒకటి అని రాస్తే అది టెండరులోకి ఎక్కుతుంది. టెండరులో లేనిది సైటులో ఉండదు.

అడవి ఫైలు

మాడుగుల దాటి ఘాట్ మొదలయ్యాక అసలు కథ. అడవి భూమి మళ్లింపుకి (అంటే దాన్ని వేరే పనికి వాడుకోవడానికి) 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ముందస్తు ఆమోదం కావాలి. 2023 సవరణతో ఆ చట్టానికి వన్ సంరక్షణ్ ఏవం సంవర్ధన్ అధినియం అని పేరు మారింది, ఫీల్డులో మాత్రం అందరూ ఇంకా ఎఫ్‌సీ అనే అంటారు. అప్లికేషన్ కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లోనే.

విస్తీర్ణం లెక్క ఇలా వేయాలి. అడవిలో 220 కేవీ లైన్‌కి కారిడార్ వెడల్పు 35 మీటర్లు, 132 కేవీకి 27, 400 కేవీకి 46. మన లైన్ 6 కిలోమీటర్లు అడవిలో పోతే 35 మీటర్ల చొప్పున 21 హెక్టార్లు. టవర్ కాళ్ల కింది నేల ఒక్కటే కాదు, తీగ కింద నేలంతా లెక్కే. ఆ 21 హెక్టార్లకీ ఎన్‌పీవీ (పోయే అడవి విలువకి కట్టే సొమ్ము) కట్టాలి, ప్రత్యామ్నాయ వనీకరణకీ కట్టాలి.

అలాగని 35 మీటర్ల వెడల్పున అడవంతా నరికేయొచ్చని కాదు. తీగ లాగడానికి ఒక్కో కండక్టరు కింద 3 మీటర్ల బాట శుభ్రం చేసుకోవచ్చు, మిగతాచోట తీగకి అడ్డొచ్చే కొమ్మలూ చెట్లే. 220 కేవీ తీగకీ చెట్టుకీ మధ్య కనీసం 4.6 మీటర్లు ఉండాలి. ఘాట్‌లో మీకు కలిసొచ్చేది ఇక్కడే: ఈ గట్టు మీద ఒక టవర్, ఆ గట్టు మీద ఒక టవర్ పెడితే మధ్య లోయలో తీగ చెట్లకి ఎంతో పైన పోతుంది, కింద ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు. స్పాన్ (టవర్ల మధ్య దూరం) పెరిగి టవర్ ఖరీదు పెరుగుతుందని డిజైన్‌వాళ్లు గొణుగుతారు. చెట్ల లెక్క తగ్గితే ఫైలు ఎంత తేలికవుతుందో వాళ్లకి తెలీదు, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.

ఫైలు ఆగేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే. కేఎంఎల్‌లో (కంప్యూటర్ పటం మీద రూట్ చూపే ఫైలు) గీత పొడవు ఒకటి, ఫారంలో రాసిన హెక్టార్లు ఇంకొకటి, డీజీపీఎస్ (మరింత కచ్చితమైన జీపీఎస్) పటం మీద మూడోది. అప్పుడు ఈడీఎస్ అని, తప్పనిసరి వివరాలు అడుగుతూ ఒక ప్రశ్న వస్తుంది, దానికి జవాబిచ్చేసరికి మళ్లీ వరుసలో వెనక్కి. అప్‌లోడ్ చేసేముందు ఈ మూడు అంకెల్నీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూసుకోండి. లైన్ రెండు అటవీ డివిజన్లలో పడితే ఇద్దరు డీఎఫ్ఓల సైటు తనిఖీ విడివిడిగా జరుగుతుంది, ఒకరిది అయిపోయిందని రెండోవారి సంగతి మరిచిపోకండి. రాష్ట్రం నుంచి ఫైలు విజయవాడలోని కేంద్ర అటవీశాఖ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్తుంది. మొదట స్టేజ్-1 (సూత్రప్రాయ ఆమోదం), షరతులన్నీ తీర్చాక స్టేజ్-2 (తుది ఆమోదం). పొడవాటి ప్రాజెక్టులకి ఒక వెసులుబాటు ఉంది, స్టేజ్-1 వచ్చి డబ్బులు కట్టాక పని మొదలుపెట్టడానికి అనుమతి అడగొచ్చు.

గ్రామసభ

2013 ఫిబ్రవరి 5న కేంద్ర పర్యావరణ శాఖ ఒక లేఖ ఇచ్చింది: రోడ్లు, పైప్‌లైన్లు, ట్రాన్స్‌మిషన్ లైన్ల లాంటివాటికి అడవి మళ్లింపులో గ్రామసభ సమ్మతి అక్కర్లేదని. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. ఆదిమ తెగల గుర్తింపు పొందిన హక్కులకి నష్టం కలిగేచోట ఈ మినహాయింపు లేదని కూడా అందులోనే ఉంది. మన ఏజెన్సీలో గదబ, పోర్జా, ఖోండు జనం ఉన్న ఊళ్లు ఉన్నాయి. ఏ ఊళ్లో ఎవరున్నారో పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ)లో కనుక్కోకుండా సమ్మతి అక్కర్లేదని రాసి పంపితే తర్వాత కోర్టులో నిలబడదు.

మినహాయింపు ఉన్నా లేకపోయినా అటవీ హక్కుల గుర్తింపు పూర్తయిందని కలెక్టరు ధ్రువపత్రం ఇవ్వాలి, తుది ఉత్తర్వు ఇచ్చేముందు రాష్ట్రం అది చూసుకోవాలి. కాబట్టి ఆర్‌వోఎఫ్ఆర్ (అటవీ హక్కుల చట్టం) పట్టాలు ఎవరికి వచ్చాయి, ఎవరి దరఖాస్తు పెండింగులో ఉంది అన్న జాబితా మీ టవర్ షెడ్యూలుతో కలిపి పెట్టుకోండి. సభ పెడితే సభ్యుల్లో సగం మంది హాజరు ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు. కాఫీ పళ్లు కోసే రోజుల్లో పెట్టారో ఎవరూ రారు. ఇటుకల పండగప్పుడూ, మేలో మోదకొండమ్మ జాతరప్పుడూ అంతే. తేదీ మీరు నిర్ణయించకండి, సర్పంచినీ ఊరి పెద్దల్నీ అడగండి. పటం గోడకి తగిలించి ఇంగ్లీషులో మాట్లాడితే సంతకాలు వస్తాయేమో గానీ, టవర్ వేసే రోజున పనీ ఆగుతుంది. ఎవరి పొలంలో ఎక్కడ కాలు పడుతుందో మేకు పాతి చూపించండి.

ఏజెన్సీలో ఇంకో ముఖ్యమైన విషయం, 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకి బదిలీ కాదు. ప్రైవేటు కంపెనీ సబ్‌స్టేషన్ కోసం అక్కడ స్థలం కొనేద్దాం అనుకుంటే మొదటికే మోసం. ఏజెన్సీ భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదన్న 1997 సమతా తీర్పు పుట్టింది అనంతగిరి మండలం నుంచే, ఆ సంగతి అక్కడ చిన్నపిల్లలకీ తెలుసు.

కాఫీ తోటలో నష్టం ఎలా లెక్కపెట్టాలి

పాడేరు చుట్టూ కాఫీ సిల్వర్ ఓక్ నీడలో పెరుగుతుంది, ఆ సిల్వర్ ఓక్ మీదే మిరియాల తీగ పాకుతుంది. కాఫీ మొక్క పొట్టిది, తీగ కింద ఉండొచ్చు. సిల్వర్ ఓక్ ఎత్తు పెరుగుతుంది, అది పోవాల్సిందే. లెక్కరాసే మనిషి కొట్టిన చెట్లే రాస్తాడు: సిల్వర్ ఓక్ ఇన్ని. మిరియాల తీగ రాయడు. నీడ పోయాక ఎండకి మాడిపోయే కాఫీని అసలే రాయడు, ఎందుకంటే లెక్క రాసిన రోజుకి అది పచ్చగానే ఉంటుంది. రెండో ఏడు రైతు వచ్చి అడిగితే "మీ కాఫీ మేం కొట్టలేదు కదా" అంటారు. ఇది న్యాయం కాదు. చెట్టు, దాని మీది తీగ, దాని నీడలోని మొక్కలు మూడూ ఒకే వరుసలో రాసి, ఉద్యానశాఖతో అప్పుడే విలువ కట్టించండి, రైతు ఎదుటే ఫొటో తీయండి. కింద జీడి, సరుగుడు తోటల్లో ఇంత చిక్కు లేదు. అడవి బయట చెట్లు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలన్నది మాత్రం గుర్తుంచుకోండి.

భూమికిచ్చే పరిహారం గురించి 2024 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది: టవర్ కింది భూమికి విలువలో 200 శాతం, కారిడార్‌కి 30 శాతం. అంతకుముందు 2015 నాటివి 85, 15 శాతం. మీ లైన్‌కి రాష్ట్రం ఏది అమలు చేస్తుందో ఉత్తర్వు కాపీ తీసుకున్నాకే ఊళ్లో అంకె చెప్పండి. ఒకసారి నోటినుంచి వచ్చిన అంకె వెనక్కి తీసుకోలేరు.

మిగతా ఎన్ఓసీలు

వీటి గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, ఫారాలు ఉన్నాయి, నింపాలి. విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 68 (లైన్ వేయడానికి) ఆమోదం, దాంతోపాటు సెక్షన్ 164 (ఇతరుల భూమి మీదుగా లైన్ వేసే) అధికారాలు, ఫోన్ లైన్లకి ఇబ్బంది లేకుండా టెలికాం వాళ్లతో పీటీసీసీ క్లియరెన్స్, జాతీయ రహదారి 16 దాటడానికి ఎన్‌హెచ్ఏఐ, అనకాపల్లి దగ్గర మెయిన్ లైన్ దాటడానికి రైల్వే, ఎత్తు గురించి విమానాశ్రయ ఎన్ఓసీ. విశాఖ ఎయిర్‌పోర్టు నేవీది కాబట్టి వాళ్ల మాట కావాలి. రైలు పట్టాల్ని వీలైనంత నిటారుగా దాటేలా రూట్ దశలోనే చూసుకోండి. ఇవన్నీ అడవి ఫైలు నడుస్తుండగానే పక్కన నడిచిపోతాయి.

పర్మిషన్లు వచ్చాక

స్టేజ్-2 లేఖలోని షరతులు విశాఖ ఆఫీసు బీరువాలో ఉంటాయి, చెట్టు కొట్టే గ్యాంగు ఘాట్‌లో ఉంటుంది. మధ్యలో ఉన్నది మీరే. ఒక్కో టవర్‌కి ఒక్కో పేజీ తెలుగులో రాసి, గ్యాంగు మేస్త్రీకి ఇవ్వండి: ఏ చెట్లు, ఎన్ని, వాటి మీద వేసిన నంబర్లు, ఏ బాటలో వెళ్లాలి, తవ్విన మట్టి ఎటు వేయాలి. మట్టి మాట ప్రత్యేకంగా చెప్పండి. ఘాట్‌లో ఫుటింగు తవ్విన మట్టిని వాలు మీదకి తోసేస్తే మొదటి వానకే కింద గెడ్డలోకి పోతుంది, ఆ గెడ్డ నీళ్లే కింద ఊరివాళ్లు తాగేది. తవ్వకాలు వానలకి ముందే ముగించి, మిగిలిన మట్టిని గుంత చుట్టూనే సర్ది, కింది వైపు రాళ్లతో చిన్న గట్టు కట్టించాలి. అటవీశాఖ నంబరు వేయని చెట్టు మీద గొడ్డలి పడితే జరిమానా మేస్త్రీకి కాదు, ప్రాజెక్టుకి పడుతుంది కాబట్టి చెట్లు కొట్టే రోజుల్లో మీ మనిషి ఒకరు అక్కడే ఉండాలి, జాబితా పట్టుకుని.